ఎదగమని చెప్పేవారు అందుకు సమయం కూడా ఇవ్వాలి

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా, రెండు విభాగాలను కలిపేసినా, పైఅధికారి మారినా ఉద్యోగులకు ముందుగా వినిపించే మాట ఒక్కటే: "దీన్ని ఎదగడానికి వచ్చిన అవకాశంగా చూడండి." ఆ మాటను నేను కొట్టిపారేయను. ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి మార్పుల కాలంలోనే నేర్చుకున్నాను. అయితే అలా నేర్చుకోగలిగిన ప్రతిసారీ, ఆ మార్పు ఎలా అమలు కావాలో చెప్పే వీలు నాకు కొంతైనా ఉండేది, తడబడుతూ కుదురుకోవడానికి కొంత వ్యవధి కూడా దొరికేది. ఆ రెండూ లేనప్పుడు మిగిలింది అలసట మాత్రమే. ఈ తేడాను పక్కనపెట్టి, ఎదగడమూ ఎదగకపోవడమూ పూర్తిగా ఉద్యోగి మనస్తత్వం మీదే ఆధారపడి ఉంటాయన్నట్టు మాట్లాడడమే నాకు అభ్యంతరం.

శిక్షణ తరగతుల్లో తరచుగా చూపించే ఒక వంపు గీతను చాలామంది చూసే ఉంటారు. మార్పు ఎదురైన మనిషి ముందు దాన్ని నమ్మడానికి నిరాకరిస్తాడనీ, తరువాత కోపగిస్తాడనీ, బేరమాడతాడనీ, కుంగిపోతాడనీ, చివరికి అంగీకరిస్తాడనీ ఆ గీతను చూపిస్తూ వివరిస్తారు. ఈ దశలను 1969లో ప్రతిపాదించినది మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్. ఆమె మాట్లాడినది మరణానికి చేరువైన రోగులతో. వారి పరిస్థితిలో అంగీకారమే చివరి మెట్టు కావడం అర్థం చేసుకోగలం. కానీ ఆఫీసులో వచ్చే మార్పు కొందరు మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయం. అందులో పొరపాట్లు ఉండవచ్చు, వాటిని సరిదిద్దవచ్చు కూడా. ఆ గీతను పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం, న్యాయమైన అభ్యంతరం చెప్పిన ఉద్యోగి కూడా 'ఇంకా కోపం దశలోనే ఉన్న మనిషి'గా కనిపిస్తాడు. ("మీరు చెప్పింది నిజమే, ఈ ఫారంలోనే తప్పుంది" అనే దశ ఆ గీతలో ఎక్కడా ఉండదు.)

ఇదే విషయం మీద 1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, పైజామాలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో అది జరిగింది. అక్కడ పని పద్ధతి మారిన ప్రతిసారీ ఉత్పత్తి పడిపోయేది, కార్మికులు మానేసేవారు. పరిశోధకులు ఒక బృందానికి మార్పు గురించి మామూలుగా వివరించి వదిలేశారు, మరో బృందంలో ప్రతినిధులను సంప్రదించారు, ఇంకో రెండు బృందాల్లో కొత్త పద్ధతిని రూపొందించడంలో అందరినీ భాగం చేశారు. వివరించి వదిలేసిన బృందంలో ఉత్పత్తి తగ్గి అలాగే ఉండిపోయింది, మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది ఉద్యోగం మానేశారు. అందరూ పాలుపంచుకున్న బృందాలు త్వరగా తేరుకుని పాత స్థాయిని దాటిపోయాయి. ఇది చిన్న బృందాలతో చేసిన ప్రయోగమే, దాని ఫలితం అన్ని చోట్లా అచ్చంగా వర్తిస్తుందని నేను అనను. కానీ నన్ను ఆలోచింపజేసింది దాని తరువాతి భాగం. మొదటి బృందంలో మిగిలినవారిని కొన్ని నెలల తరువాత మరో పనికి మార్చి, ఈసారి వారిని కూడా నిర్ణయంలో భాగం చేసినప్పుడు, వారు కూడా మిగతావారిలాగే వేగంగా పుంజుకున్నారు. మనుషులు వారే అయినప్పుడు, అంతకుముందు కనిపించిన 'మొండితనం' ఎవరి స్వభావం నుంచి వచ్చిందని అనుకోవాలి?

మా విభాగంలో బిల్లుల చెల్లింపుకు కొత్త సాఫ్ట్‌వేర్ ప్రవేశపెట్టినప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. చాలాకాలంగా ఆ పని చూస్తున్న ఒక సీనియర్ ఉద్యోగిని దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. రవాణా ఖర్చును బిల్లులో కలిపేసే సరఫరాదారులెవరో, ఒకే బిల్లును నంబరులో ఒక గీత చేర్చి రెండోసారి పంపే అలవాటున్నవారెవరో అందులో రాసి ఉండేది. కొత్త సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ గీత ఉన్న నంబరు వేరు, లేని నంబరు వేరు. అందువల్ల రెండు బిల్లులూ ఆమోదం పొందేవి. ఆవిడ ఈ విషయం శిక్షణ తరగతిలో లేవనెత్తితే, పాత పద్ధతిని వదులుకోలేకపోతున్నారనీ, పాతదంతా మరిచిపొమ్మనీ శిక్షణ ఇచ్చేవారు నవ్వుతూ సమాధానమిచ్చారు. తరువాత వచ్చిన మేనేజరు ఒక పూట ఆవిడ పక్కన కూర్చుని ఆ పుస్తకమంతా చూశారు. అందులోని చాలా అంశాలు సాఫ్ట్‌వేర్‌లో తనిఖీ నియమాలయ్యాయి, వాటిని రాయడం ఆవిడే నేర్చుకున్నారు. ఇప్పుడు ప్రతి కొత్త వెర్షన్‌నూ ముందుగా పరీక్షించేది ఆవిడే. దీన్ని ఎదుగుదల అనడానికి నాకు సందేహం లేదు. పాతదంతా మరిచిపొమ్మన్న మొదటి సలహాను ఆవిడ పాటించి ఉంటే ఇది జరిగేదే కాదు.

ఇక సమయం సంగతి. పాత పనిలో ఒక్క అంగుళం కూడా తగ్గించకుండా, శిక్షణను రికార్డింగుల రూపంలో పంపేసి, ఇంటికి వెళ్లాక చూసుకోమని చెప్పి చేతులు దులుపుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. దానికి తోడు, మొదటి వారంలో జరిగిన పొరపాటు కూడా వార్షిక మదింపులో ప్రత్యక్షమవుతుంది. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద ప్రచురించిన అధ్యయనం, తప్పును బయటికి చెప్పినా తమకు ముప్పు లేదని సభ్యులు నమ్మిన బృందాల్లోనే నేర్చుకునే ధోరణి ఎక్కువగా ఉంటుందని చూపింది. తెలియదని చెప్పడానికే భయపడే చోట ఎవరైనా నేర్చుకున్నట్టు నటించడం నేర్చుకుంటారు.

ఉద్యోగుల వైపు తప్పేమీ లేదని నేను అనడం లేదు. కేవలం అలవాటు తప్పుతుందని ప్రతిదానికీ అడ్డుపడేవారున్నారు, కంగారుపడి కనిపించిన ప్రతి సర్టిఫికెట్ కోర్సులో చేరి ఆరంభశూరత్వంతో ఆగిపోయేవారూ ఉన్నారు. నా మటుకు నేను మార్పు వచ్చినప్పుడు, నా పనిలో పనిముట్టుకు సంబంధించిన నేర్పు ఎంత, మంచిచెడులు తేల్చే వివేచన ఎంత అని విడదీసి చూసుకుంటాను. మొదటిది కొత్తగా నేర్చుకోవలసిందే, రెండోదాన్ని కొత్త పనిముట్టులోకి ఎలా తీసుకెళ్లాలో వెతుక్కోవాలి.

దీనితోపాటు, మార్పును ప్రకటించే సమావేశంలో మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను. ఈ పని రోజూ చేసేవారి అభ్యంతరాల వల్ల మీ ప్రణాళికలో ఏది మారింది? నేర్చుకునే కాలంలో మా మీద నుంచి ఏ పని తీసేస్తున్నారు? ఆ కాలంలో జరిగే పొరపాట్లను మదింపులో లెక్కించరని రాతపూర్వకంగా చెబుతారా? మొదటి ప్రశ్నకు అప్పుడప్పుడు మంచి సమాధానాలే వచ్చాయి. మూడోదానికి ఒకసారి నిజంగానే రాసి ఇచ్చారు. రెండో ప్రశ్నకు మాత్రం ఇప్పటివరకు వచ్చిన జవాబు "క్రమంగా చూద్దాం" అనే.