క్లాసిక్ కీల్ పడవ వారికి తిరుపతి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ క్లాసిక్ కీల్ పడవ గారి దివ్య సముఖమునకు,

తిరుపతిలో కాపురముంటూ తూర్పు దిక్కుకు తిరిగి నిట్టూర్చే అలవాటున్న ఒక గృహస్థు అనేక నమస్కారములతో వ్రాసుకొనే విన్నపం. ఉభయకుశలోపరి. తోడెవరూ లేకుండా పొద్దున బయల్దేరి, గాలిని నమ్ముకుని కొంతసేపు నీటి మీద తిరిగి, దీపాలు పెట్టే వేళకు ఒడ్డు చేరడానికి ఒక తెరచాప పడవ కావాలని నేను ఎవరిని అడిగినా, ఒరిగిపోకుండా అడుగున కీల్ అనే బరువైన రెక్కను మోసే తమరి పేరే చెబుతున్నందువల్ల, మధ్యవర్తుల మాటలు ఎందుకని ఈ లేఖ నేరుగా తమకే వ్రాస్తున్నాను.

తమరి అందం గురించి నాకు పేచీ లేదు. నీటిని తాకీ తాకకుండా సాగిన అణియం, అమరం అనే ముందు వెనుక కొనలు, వాటి మధ్య ఒక్క గీతగా ఒంపు తిరిగిన అంచు, పొర మీద పొరగా పూసిన వార్నీషు కింద మెరిసే చెక్క, ఇవన్నీ చూసినవాడు తన బ్యాంకు ఖాతా సంగతి మరచిపోవడం సహజమే. కట్టేసి వెళ్లిపోతూ మరొక్కసారి వెనక్కి తిరిగి చూడాలని అనిపించని పడవను కొనవద్దని తమరి భక్తులు ఒక సూత్రం కూడా చెబుతారు. అయితే నాదొక ధర్మసందేహం. నేను ఒంటరిగా చుక్కాని పట్టుకుని కూర్చున్నంతసేపూ ఆ ఒంపులలో ఒక్కటి కూడా నా కంట పడదు. తెరచాప అడుగు అంచు, చేతిలోని తాడు, ఆ తాడు ఒరిపిడికి ఎర్రబడిన అరచెయ్యి మాత్రమే కనిపిస్తాయి. తమరి సౌందర్యమంతా ఒడ్డున నిలబడినవారి కోసం. మా ఊళ్లో మూడు వందల రూపాయల టికెట్టు కొన్నవాడికే ప్రత్యేక ప్రవేశ దర్శనం. తమరి సన్నిధిలో మాత్రం కొన్నవాడికి తప్ప అందరికీ దర్శనమే.

ఇక వంశచరిత్ర. ఒక్క మనిషి నడపగలడా అని అడిగితే తమవారు ఒలింపిక్ పతకాల చిట్టా విప్పుతారు. 1929లో నార్వే దేశస్థుడు యోహాన్ ఆంకర్ గీసిన డ్రాగన్ అనే పడవ 8.9 మీటర్ల పొడవున్న సుందరి, 1948 నుంచి 1972 దాకా ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 1960లో గ్రీసు యువరాజు కాన్‌స్టంటైన్ దాని మీదనే స్వర్ణ పతకం గెలిచాడు, అంతా నిజమే. కాని ఆ యువరాజు పక్కన మరో ఇద్దరు తాళ్లు లాగారన్న సంగతి మెల్లగా చెబుతారు. రాజకుమారుడికే ఇద్దరు సహాయకులు కావలసివచ్చిన పడవను, ఇంట్లో మంచినీళ్లు తానే ముంచుకుని తాగే నాకు ఒంటరి విహారానికి సిఫారసు చేయడం ఏ న్యాయం? 1911 నుంచి ఉన్న స్టార్ పడవకు ఇద్దరు కావాలి. వారిలో ఒకరు పడవ పక్కకు దాదాపు వేలాడుతూ ప్రయాణం చేయాలి. 1972 నుంచి 2000 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న సోలింగ్‌కు ముగ్గురు. పడవ ఒరగకుండా ఆపడానికి కింద ఉన్న బరువు చాలక పైన మనుషులను వేలాడదీసే పద్ధతి పందెగాళ్లకు చెల్లుతుంది. నా నడుము గురించి మా డాక్టరు గారు ఇదివరకే హెచ్చరించి ఉన్నారు.

నా ప్రశ్నకు తిన్నగా జవాబిచ్చినది తమరి వంశంలో ఫోక్‌బోట్ ఒక్కటేనని ఒప్పుకుంటాను. దాని పుట్టుక కూడా విచిత్రమైనదే. సామాన్యులకు అందుబాటులో ఉండే పడవ కోసం స్కాండినేవియాలో పెట్టిన పోటీలో ఎవరికీ మొదటి స్థానం ఇవ్వకుండా, వచ్చిన నమూనాలలోని మంచి అంశాలను ఏరి 1942లో టోర్డ్ సుండెన్ చేత కొత్తగా గీయించారు. కమిటీ వేలు పెట్టిన పని బాగుపడిన సందర్భం మా జిల్లాలో నేనెరుగను కనుక దీనిని ప్రత్యేకంగా పేర్కొంటున్నాను. పొడవు 7.68 మీటర్లు, బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ, అందులో సగానికి పైగా అడుగున ఉన్న ఇనుప కీల్‌దే. తెరచాపలు రెండూ కలిపి 24 చదరపు మీటర్లు కాగా అందులో 17 పెద్ద చాపకే పోయి, ముందు చాపకు 7 మాత్రమే మిగులుతాయి. ఒంటరివాడి ప్రాణం నిలబెట్టేది ఈ చివరి అంకె. గాలికి ఎదురుగా దిశ మార్చిన ప్రతిసారీ వదలవలసినదీ, మళ్లీ అవతలి వైపు లాగి బిగించవలసినదీ ముందు చాప తాడే. అది చిన్నదైతే మోకాలితో చుక్కాని కర్రను ఆనించి ఉంచి ఒక్క చేత్తో పని కానివ్వవచ్చు, పెద్దదైతే రెండు చేతులూ, గిరగిర తిప్పే వించీ, వీలుంటే ఒక బావమరిదీ కావలసివస్తారు.

1960లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒక్కొక్కరుగా దాటే తొలి పందెంలో ఐదుగురు బయల్దేరితే వారిలో ఇద్దరు ఫోక్‌బోట్ జాతి పడవలనే నమ్ముకున్నారు. వారిలో ఒకరైన హాస్లర్ తన పడవ జెస్టర్‌కు అసలు తెరచాపలు పీకేసి చైనా పద్ధతి చాప ఒక్కటే కట్టుకుని, కూర్చున్న చోటు నుంచే దానిని దించుతూ, ఎత్తుతూ 48 రోజులలో రెండవవాడుగా అవతలి ఒడ్డు చేరాడు. ఒంటరిగా పడవ నడిపేవాడు కూర్చున్న చోటు నుంచి లేవవలసిన అవసరం ఎంత తగ్గితే అంత మంచిది. తాళ్లన్నీ చుక్కాని దగ్గరికి రావాలి, ముందు చాప దానంతటదే చుట్టుకోవాలి, పడవ కాసేపు తన దారిన తాను పోతూ ఉండాలి. పొడవైన కీల్ ఉన్న పడవ చుక్కాని వదిలినా కొంత దూరం తిన్నగా సాగుతుంది. ఆ వ్యవధిలో క్యారియరు విప్పి రెండు ముద్దలు పులిహోర తినవచ్చు. చేప రెక్కలాంటి పొట్టి కీల్ ఉన్నవి చురుకుగా తిరుగుతాయి కాని అంత ఓపిక పట్టవు. తమరి అమ్మకందారులెవరూ ఈ మాట చెప్పరు. దేవదారు కొయ్య గురించి, ఇత్తడి మేకుల గురించి చెబుతారు.

ఆ కీల్ మహిమ గురించి ఇంకొక మాట కూడా తమరి ముఖాన అనవలసి ఉంది. ఎంత ఒరిగినా తిరిగి నిలబెట్టేది అదేనని గర్వపడతారు, సరే. అయితే పైన మూత లేని పాత పడవలోకి అల దూకి నిండిపోయిందంటే, గాలి పెట్టెలు లేని పక్షంలో అదే ఇనుము దానిని నేరుగా అడుగుకు తీసుకుపోతుంది. తిరగబడినా తేలుతూ ఉండే డింగీ అనే తేలికపాటి చిన్న పడవకు ఉన్న ఈ మర్యాద తమరికి లేదు. నేను జారి నీళ్లలో పడితే మరీ బాగుంటుంది: తిన్నగా సాగే సద్గుణం వల్ల తమరు నన్ను వదిలేసి తమరి మానాన సాగిపోతారు. అందుకే నడుముకు కట్టుకునే తాడు, నీళ్లలో నుంచి ఎక్కడానికి వెనుక నిచ్చెన లేని పడవను, అది ఎవరు గీసినదైనా సరే, నేను బేరం చేయదలచుకోలేదు.

చెక్క సంగతి చెబితే తమరికి కోపం రావచ్చు. పలక మీద పలక అంచు కప్పేలా కట్టిన పాత ఫోక్‌బోట్ బాల్టిక్ సముద్రపు చల్లటి గాలికి పుట్టినది. దానిని తెచ్చి, మే నెలలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో మా పెరట్లో ట్రైలరు మీద నిలబెడితే, పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. మళ్లీ నీట దించినప్పుడు చెక్క ఉబ్బి ఆ సందులు మూసుకునే దాకా లోపలికి వచ్చే నీటిని బకెట్లతో తోడుకోవలసిందే. పోనీ ఎప్పుడూ నీటిలోనే ఉంచుదామంటే, మన వెచ్చటి ఉప్పునీటిలో ఓడపురుగు కాచుకుని ఉంటుంది. అది బయట సూదిబెజ్జమంత రంధ్రం చేసి లోపల చెక్కనంతా సొరంగాలు తవ్వుతుంది. 1970ల నుంచి ఫోక్‌బోట్లను ఫైబర్‌గ్లాసుతో కూడా పోస్తున్నారు కదా అంటే, తమరి భక్తులు ముఖం తిప్పుకుంటారు. వారి మడి వారిది. పురుగుకూ ఎండకూ సమాధానం చెప్పుకోవలసినవాడిని నేను.

ధర విషయం త్వరగా ముగిస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి విహార పడవల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. రివాల్వర్లు, పిస్తోళ్లు కూడా అదే వరుసలో ఉన్నాయి. ఒంటరిగా గాలి పీల్చుకోవడాన్ని ప్రభుత్వం ఏ కోవలో చేర్చిందో తమరే గ్రహించగలరు.

ఒంటరితనం అంటే గుర్తుకువచ్చింది. తమరి వర్ణనలలో "ఆరుగురు సౌకర్యంగా కూర్చోగలరు" అనే వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. దయచేసి దానిని తొలగించండి. మా ఇళ్లలో ఖాళీ సీటు కనిపిస్తే అది ఖాళీగా ఉండడం పాపం. ఆరు సీట్ల పడవ ఒకటి ఉందని తెలిసిన మరుసటి ఆదివారానికి మా బావమరిది, వారి పిల్లలు, వారి ఎదురింటివారు, రెండు క్యారియర్లు హాజరవుతారు. వాహన పూజకు నిమ్మకాయలు పట్టుకొచ్చిన మా ఆవిడ, చక్రాలే లేని వాహనానికి వాటిని ఎక్కడ పెట్టాలో చెప్పమని నన్ను నిలదీస్తుంది. అసలు మా ఊరు నీటి విహారానికి వ్యతిరేకం కాదు. తిరుమల పుష్కరిణిలో ఏటా ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా ఐదు రోజులు తెప్పోత్సవం జరుగుతుంది: మొదటి రోజు రాములవారు సీతాలక్ష్మణ సమేతంగా, రెండవ రోజు కృష్ణస్వామి రుక్మిణీ సమేతంగా, మిగిలిన మూడు రోజులు మలయప్పస్వామి ఉభయదేవేరులతో. అవతార పురుషులను కూడా తోడు లేకుండా తెప్ప ఎక్కించని ఊళ్లో, సామాన్య గృహస్థు ఒక్కడే పడవ ఎక్కుతానంటే ఇంట్లో ఏదో జరిగిందనే అనుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం, నీళ్లు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. ఆ విధంగా కొండ కింద కూర్చున్న మాకు సముద్రం గెజెటు ద్వారా సంక్రమించింది. సముద్రంతోపాటు పులికాట్ సరస్సు కూడా వచ్చింది. కాగితం మీద చూస్తే ఒంటరి పడవకు ఇంతకంటే మంచి చోటు లేదు: విశాలమైన నీరు, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి, పెద్ద అలలు లేకుండా శ్రీహరికోట దీవి అడ్డు. ఒక్కటే చిక్కు, సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరు. ఫోక్‌బోట్ కీల్ నీటిలోకి 1.2 మీటర్లు దిగుతుంది. డ్రాగన్‌దీ అదే కొలత. సోలింగ్ 1.3. అంటే ఫ్లెమింగోలు మోకాటి లోతున నిలబడి తలలు ముంచి మేస్తుంటే, వాటికి ఎంతో దూరంలోనే తమరు బురదలో కూరుకుపోయి, ఒక పక్కకు ఒరిగి, మీదున్న వార్నీషుతో సహా పర్యాటకులకు మరొక ఆకర్షణగా మిగులుతారు. అక్కడి బెస్తవారి పడవలకు అడుగు చదునుగా ఉంటుంది; లోతు చాలకపోతే గెడతో తోస్తారు, అదీ చాలకపోతే దిగి నెడతారు. రెండు టన్నుల తమరిని దిగి నెట్టడానికి, మళ్లీ చూడండి, మనుషులు కావాలి. సరస్సు దాటి సముద్రంలోకి పోదామంటే రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. రాకెట్టు ఎగిరే రోజున ఆ చుట్టుపక్కల నీళ్లలోకి ఎవరినీ పోనివ్వరు.

లోతైన నీరే కావాలంటే చెన్నై రేవులో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది. అయితే పోను రాను ప్రయాణానికే సగం పగలు హరించుకుపోతుంది. స్టాక్‌హోమ్‌లో జూన్ నెల పగలు పద్దెనిమిది గంటలకు పైబడి ఉంటుంది కనుక అక్కడివారికి పగటి విహారమంటే తీరిక. మాకు ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటలే, అందులోనూ మధ్యాహ్నం మూడు గంటల ఎండలో నీడ లేని పడవలో కూర్చోవడం విహారం కింద లెక్కకు రాదు.

కాబట్టి తమరిని ఒకటి అడుగుతున్నాను. 1914లో అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ పిల్లలకు పడవ నేర్పడానికి గీసిన పన్నెండున్నర అనే చిన్న పడవ తమరి వంశంలోదే. నీటి మట్టం దగ్గర కొలిస్తే 12.5 అడుగుల పొడవు, అడుగున సీసపు కీల్, ముందు చాప అడుగున చిన్న కర్ర ఉండడం వల్ల దిశ మారినప్పుడు అది ఎవరి చెయ్యీ లేకుండా తనంతట తానే అవతలి వైపుకు పోతుంది. లోతు లేని నీళ్లవారి కోసం జోయెల్ వైట్ తరువాత దానికే హేవెన్ అనే చెల్లెలిని గీశాడు. దాని కీల్ పొట్టిది, మధ్యలో ఎత్తి దించగల పలక ఉంటుంది, పలక ఎత్తితే అర మీటరు లోతు నీరు చాలు. బరువు తక్కువ కనుక మామూలు బండి వెనుక కట్టుకుని నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు తీసుకుపోవచ్చు, సాయంత్రానికి ఇంటికీ తెచ్చుకోవచ్చు. ఎత్తి దించే పలక ఉన్నదానిని తమవారు నిజమైన కీల్ పడవగా ఒప్పుకుంటారో లేదో ఆ పంచాయతీ తమరే తీర్చుకోండి. నా దరఖాస్తును మాత్రం వెంటనే ఆమెకు పంపించండి. వేసవి ముదిరితే సరస్సులో మా వైపు భాగం చాలావరకు ఎండిపోతుంది కనుక, జవాబు ఫిబ్రవరిలోగా అందేలా చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక తిరుపతి వాస్తవ్యుడు