‘ఏ పార్టీ లేదు’ అని టిక్ పెడితే ఏం పోతుంది?

మన దగ్గర ఓటు నమోదు చేసుకోవాలంటే ఫారం 6 నింపుతాం. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడుగుతారు. మీది ఏ పార్టీ అని మాత్రం ఎన్నికల సంఘం అడగదు. అడిగితే ఊరుకునేవాళ్లూ లేరు. ఊళ్లో ఫలానా ఇల్లు ఫలానా పార్టీ అని అందరికీ తెలిసిందే, అయినా ఆ ముక్క సర్కారు కాగితం మీద రాసిమ్మంటే చెయ్యి ఆగుతుంది. పార్టీ సభ్యత్వ కార్డు సంగతి వేరు. ప్రమాద బీమా వస్తుందని తీసుకున్నవాళ్లూ ఉంటారు.

కాలిఫోర్నియా ఓటరు ఫారం ఆ ముక్కే అడుగుతుంది. డెమోక్రటిక్, రిపబ్లికన్, గ్రీన్, లిబర్టేరియన్, ఇంకో రెండు చిన్న పార్టీల పేర్లు, వాటితో పాటు ‘ఏ పార్టీ లేదు’ అనే గడి. ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం కాచుకుని, చివరికి పౌరసత్వ ప్రమాణం చేసిన ఫ్రీమాంట్ తెలుగువాడు ఆ ఫారం ముందు కూర్చుంటే పెన్ను ఎటు పోతుందో చెప్పడం పెద్ద కష్టం కాదు. మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటాడు, పార్టీ లేదని టిక్ పెట్టేస్తాడు. ఇలా ఆలోచించేది మనవాళ్లొక్కరే కాదు. 2018లో ఆ రాష్ట్రంలో పార్టీ లేదన్న ఓటర్ల సంఖ్య రిపబ్లికన్ ఓటర్లను దాటేసింది.

ఆ టిక్ వల్ల నవంబరులో జరిగే తుది ఎన్నికలో ఏ నష్టమూ ఉండదు. దెబ్బ తగిలేది ప్రైమరీలో, అంటే పార్టీ టికెట్ ఎవరికి దక్కాలో తేలే ఎన్నికలో. నవంబరు ఫలితం ముందే తెలిసిపోయే చోట్ల అసలు ఎన్నిక ప్రైమరీయే. తటస్థంగా ఉందామనుకున్న ఓటరు తనకు తెలియకుండానే దాన్ని వదులుకుంటున్నాడు. ఇందులో ఓటరు అజాగ్రత్త కొంత ఉంది. నా దృష్టిలో పెద్ద వాటా మాత్రం నిబంధనలు రాసినవాళ్లదే.

అధ్యక్ష ప్రైమరీలో ఎవరిని రానివ్వాలన్నది కాలిఫోర్నియాలో పార్టీల ఇష్టం. 2024 మార్చి 5న రిపబ్లికన్ పార్టీ తన పేరున నమోదైనవాళ్లకే బ్యాలెట్ ఇచ్చింది. డెమోక్రాట్లు పార్టీ లేనివాళ్లనూ రానిచ్చారు, కానీ అడిగితేనే. అక్కడ ఓటర్లందరికీ బ్యాలెట్ పోస్టులో వస్తుంది. పార్టీ లేదన్నవాళ్లకు మామూలుగా వచ్చే కాగితంలో అధ్యక్ష పోటీ ఉండదు. అది కావాలంటే ఫలానా పార్టీ బ్యాలెట్ పంపమని ముందే కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, చెప్పుకోవాలి. అందుకోసం కౌంటీ పంపే కార్డు పిజ్జా కూపన్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్ల ఫొటోల మధ్య పడి చెత్తబుట్టలోకి పోతుంది. తీరా కవరు విప్పితే సెనేట్ ఉంటుంది, రాష్ట్ర అసెంబ్లీ ఉంటుంది, టీవీలో మూడు నెలలుగా చూస్తున్న పేర్లు మాత్రం ఉండవు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. పోలింగ్ కేంద్రానికి వెళ్లి బ్యాలెట్ మార్పించుకునే వీలుంది. అదే రోజు పార్టీ కూడా మార్చుకోవచ్చు. పనిదినాన, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే హడావుడిలో ఎంతమంది వెళ్తారు?

ఫారంలో హెచ్చరిక లేదని కాదు. పార్టీ వద్దంటే కొన్ని పార్టీల అధ్యక్ష అభ్యర్థులకు ఓటు వేయలేకపోవచ్చని ఒక వాక్యం ఉంటుంది. ఏ పార్టీలు, అడిగితే ఏమిస్తారు, ఎప్పటిలోగా అడగాలి అన్నది అందులో ఉండదు. నియమం ఉందంటే ఉంది, చేరాల్సినవాళ్లకు చేరదు.

ఈ గడులతో వచ్చిన తంటాలకు చరిత్ర కూడా ఉంది. 2008 ప్రైమరీలో లాస్ ఏంజెలెస్ కౌంటీలో పార్టీ లేని ఓటర్లు డెమోక్రటిక్ అభ్యర్థికి ఓటేయాలంటే ముందు ‘డెమోక్రటిక్’ అనే గడి కూడా నింపాలన్నారు. అభ్యర్థి పేరు పక్కన చుక్క పెట్టి, ఆ రెండో గడి మరిచిపోయినవాళ్ల బ్యాలెట్లు వేలల్లో చిక్కుల్లో పడ్డాయి.

ఇంకో చిక్కు మరీ విచిత్రం. జాబితాలో ఉండే అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ, జాతి వేర్పాటును సమర్థించిన జార్జ్ వాలెస్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టడానికి 1960ల చివర్లో పుట్టిన కుడివాద పార్టీ. పేరులో ‘ఇండిపెండెంట్’ చూసి, స్వతంత్రులు అంటే ఇదేనని టిక్ పెట్టినవాళ్లు కోకొల్లలు. 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ పార్టీ ఓటర్లను అడిగితే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి తాము ఒక పార్టీలో ఉన్నామనే తెలియదు. ఇంతమంది ఒకే గడి దగ్గర పొరబడుతున్నారంటే తప్పు గడిదా, ఓటర్లదా?

సర్కారు యంత్రాంగమూ తక్కువ తినలేదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసుకు వెళ్తే ఓటు దానంతటదే నమోదయ్యే పద్ధతిని 2018లో తెచ్చారు. కొద్ది నెలల్లోనే దాదాపు 23,000 నమోదుల్లో పొరపాట్లు దొర్లాయని ఆ శాఖే ఒప్పుకుంది. కొందరి పార్టీ మారిపోయింది. ఆ తర్వాత పౌరులు కానివాళ్ల పేర్లు కూడా చేరాయని తేలింది. హెచ్1బీ, గ్రీన్ కార్డుల మీద ఉన్న మనవాళ్లు ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పొరపాటున పడ్డ ఓటరు నమోదైనా రేపు పౌరసత్వ దరఖాస్తు దగ్గర అడ్డం తిరగొచ్చు.

అధ్యక్ష పదవి పక్కన పెడితే కాలిఫోర్నియాలో మిగతా చాలా పదవులకు పార్టీ గడి అడ్డు కాదు. 2010లో ప్రజలు ఆమోదించిన 14వ ప్రతిపాదన ప్రకారం అభ్యర్థులందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. ఎవరైనా ఎవరికైనా ఓటేయొచ్చు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళ్తారు. సిలికాన్ వ్యాలీ తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన లెక్క. 2014, 2016ల్లో అక్కడి ప్రతినిధుల సభ సీటుకు నవంబరులో తలపడిన మైక్ హోండా, రో ఖన్నా ఇద్దరూ డెమోక్రాట్లే. మొదటిసారి హోండా గెలిచారు, రెండోసారి ఖన్నా. 2024లో ఆ పక్క నియోజకవర్గంలో రెండో స్థానానికి జో సిమిటియన్, ఇవాన్ లో ఇద్దరికీ సరిగ్గా 30,249 ఓట్లే వచ్చాయి. రీకౌంటింగ్‌లో ఐదు ఓట్ల తేడాతో ఇవాన్ లో ముందుకెళ్లారు. ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆరుగురు బద్ధకించకుండా ఉంటే మారిపోయే లెక్క!

అలాగని ఈ పద్ధతి అన్నిటికీ మందు కాదు. 2012లో శాన్ బెర్నార్డినో ప్రాంతంలో డెమోక్రాట్ల వైపు మొగ్గే ఓ నియోజకవర్గంలో డెమోక్రటిక్ ఓట్లు చీలిపోయి, నవంబరు పోటీలో ఇద్దరు రిపబ్లికన్లే మిగిలారు.

న్యూయార్క్ దగ్గర ఈ కథ ఇంకా కఠినం. అక్కడి ప్రైమరీలు పార్టీలో నమోదైనవాళ్లకే. 2016 ఏప్రిల్ ప్రైమరీకి పార్టీ మార్చుకునే గడువు ముందు ఏడాది అక్టోబరులోనే ముగిసింది. ఇవాంకా, ఎరిక్ ట్రంప్‌లు సొంత తండ్రికే ఓటు వేయలేకపోయారు. కోటీశ్వరుల పిల్లలకే తెలియని గడువు క్వీన్స్‌లో కిరాణా కొట్టు నడుపుకునేవాడికి తెలుస్తుందా? 2019లో చట్టం మార్చి గడువును ఫిబ్రవరి 14కు తెచ్చారు. జూన్ ప్రైమరీకి అదీ చాలా ముందే. న్యూజెర్సీ కాస్త నయం. ఏ పార్టీలోనూ లేని ఎడిసన్ ఓటరు పోలింగ్ రోజునే పార్టీ చెప్పి ఓటేయొచ్చు. ఒక పార్టీ నుంచి ఇంకో దానికి మారాలంటే మాత్రం 55 రోజుల ముందే తేల్చుకోవాలి.

మరి అందరికీ తలుపులు తీసేస్తే పోదా అంటే, పార్టీలకూ ఒక వాదన ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కాలిఫోర్నియా ఒకప్పుడు ఎవరైనా ఏ పార్టీ టికెట్ ఎంపికలోనైనా ఓటేయొచ్చని నియమం పెట్టింది. 2000లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని 7-2 తేడాతో కొట్టేసింది. పార్టీ అంటే కొందరు కలిసి పెట్టుకున్న సంఘం, దాని అభ్యర్థిని బయటివాళ్లు తేల్చడం కుదరదన్నది తీర్పు సారాంశం. సరే, ఒప్పుకుందాం. కానీ ఆ సంఘం ఎన్నికను నడిపేది కౌంటీ సిబ్బంది, ఖర్చు పన్ను కట్టేవాళ్లది. సర్కారు సొమ్ముతో ఎన్నిక జరిపించుకుంటూ బయటివాళ్లు రాకూడదనే పార్టీ, కనీసం ఆ సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పించాలి.

మన పార్టీలకు ఈ తలనొప్పి లేదు. బీ ఫారం చేతికి వచ్చేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు, ఇక ఓటరును అడిగేదెవరు? 2024కు ముందు టీడీపీ ఐవీఆర్ఎస్ కాల్స్ చేసి ఫలానా నాయకుడైతే ఒకటి నొక్కండి అని అడిగింది. అది అభిప్రాయమే, ఎంపిక కాదు. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీలు పెట్టి చూసింది. వడోదరలో అలా గెలిచిన నరేంద్ర రావత్, అక్కడ మోదీ పోటీకి దిగడంతో మధుసూదన్ మిస్త్రీ కోసం తప్పుకున్నారు. అమెరికాలో అలాంటి నిర్ణయం ఓటరు చేతిలో ఉంటుంది. అందుకే దాన్ని భయంతో వదులుకోవడం నాకు మింగుడుపడదు.

ఆ భయంలో నిజం లేదనడం లేదు. ఎవరికి ఓటేశారన్నది రహస్యమే, ఏ పార్టీ గడి నింపారన్నది కాదు. ఆ జాబితా ప్రచారం చేసుకునే అభ్యర్థుల చేతికి వెళ్తుంది, ఫోన్లు మోగుతాయి. టెక్సాస్‌లో ఫారం మీద పార్టీ అడగకపోయినా, ప్రైమరీ రోజున ఫ్రిస్కో ఓటరు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పాల్సిందే. ఒకసారి చెప్పాక రెండో విడత పోరులో అవతలి పార్టీకి మారే వీల్లేదు. 1994 తర్వాత రాష్ట్రస్థాయి పదవి ఒక్కటీ డెమోక్రాట్లకు దక్కని చోట ఆ మాటకు బరువెక్కువ.

కాలిఫోర్నియా చూడాల్సింది పైన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం వైపు. అక్కడ ఓటరు నమోదులో పార్టీ గడే లేదు. అధ్యక్ష ప్రైమరీ బ్యాలెట్‌లో రెండు పార్టీల అభ్యర్థులూ ఉంటారు, అది అడగకుండానే ప్రతి ఓటరు ఇంటికీ వస్తుంది. రెడ్‌మండ్ తెలుగువాడు తిరిగి పంపే కవరు మీద ఒక పార్టీకి టిక్ పెట్టి, ఆ పార్టీ అభ్యర్థికే ఓటేస్తాడు. కవరు మీద టిక్ లేకపోతే ఓటు లెక్కలోకి రాదు. పార్టీ ఏదో చెప్పాల్సి రావడం అక్కడా తప్పలేదు. కాకపోతే చేతిలో బ్యాలెట్ ఉన్నప్పుడు, అభ్యర్థుల పేర్లు చూస్తూ చెబుతాడు.