500032 గారికి ఒక అద్దెదారుడి విన్నపం

మహారాజశ్రీ గచ్చిబౌలి పిన్‌కోడ్ 500032 గారి సముఖమునకు, మీ పరిధిలో టూ బీహెచ్‌కేలో అద్దెకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. ట్యాంకర్ వచ్చిన రోజున మేమిక్కడ క్షేమం.

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్లు మొదలైనప్పుడు ఉత్తరం దారి తప్పకుండా చూడటమే మీ వంశం ఉద్యోగం. ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నారు గనక? అద్దె ఎందుకింత అని అడిగితే మా ఓనరుగారు గోడలూ కిటికీలూ చూపించరు. "పిన్‌కోడ్ చూడండి సార్" అంటారు.

సరే, చూశాను. మిమ్మల్ని 2తో ఆరుసార్లు భాగిస్తే 7813 మిగిలింది. అది 13ను 601తో హెచ్చవేస్తే వచ్చేది. మిమ్మల్ని మినహాయించి మీ భాజకాలు 27. అన్నీ కూడితే 5,70,324! అంటే మీకన్నా 70,292 ఎక్కువ. ఇలాంటివారిని సమృద్ధ సంఖ్యలంటారట. క్రీ.శ. 100 ప్రాంతంలో నికోమాకస్ అనే పండితుడు మీ జాతిని పది నోళ్లున్న జంతువుతో పోల్చాడు. గచ్చిబౌలి చూడకుండానే ఎలా చెప్పాడో మహానుభావుడు.

ఓనరుగారి మాటే నిజమనుకుని ఊరుకోబోయాను. కానీ హ్యాపీ నంబర్ అని ఇంకో పరీక్ష ఉంది. అంకెల వర్గాలు కూడుతూ పోవాలి, చివరికి 1 రావాలి. మీకు 38 వచ్చింది. తర్వాత 73, 58, 89, 145, 42, 20, 4, 16, 37... మళ్లీ 58! బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర యూటర్న్ దాటిపోయిన క్యాబ్‌లా అక్కడక్కడే తిరుగుతున్నారు. ఎన్నాళ్లు తిరిగినా 1 రాదు. ఇంత సమృద్ధీ పెట్టుకుని ఆనందం లేదన్నమాట. పోనీ 0, 1 మాత్రమే వాడే బైనరీలో రాద్దామా అంటే మీలో 1లు ఏడు, బేసి. అలాంటివాళ్లని ఓడియస్ అంటారు, ఇంగ్లీషులో ఆ మాటకు అసహ్యం పుట్టించేవాళ్లని అర్థం. పేరు నేను పెట్టింది కాదు, కోప్పడకండి.

అసలు కడుపుమంట ఇది. మా బావమరిది ఉండే మలక్‌పేట, 500036. దాన్ని మినహాయించి మిగతా భాజకాలన్నీ కలిపినా దాని విలువకు చాలవు, కాబట్టి న్యూన సంఖ్య. వర్గాలు మాత్రం 70, 49, 97, 130, 10, 1 అని గబగబా దిగిపోయాయి. హ్యాపీ! వాడూ అంతే. ఆదివారం పొద్దున్నే ఇరానీ చాయ్ సాసర్లో ఒంపుకుని, ఊదుకుంటూ, "ఏం బావా, ఇంకా అక్కడే ఉంటున్నావా?" అని ఫోన్ చేస్తాడు. మీకూ దానికీ తేడా నాలుగే. అద్దెల్లో తేడా అడగొద్దు.

వచ్చే నెల ఓనరుగారు అద్దె పెంచడానికి వస్తున్నారు. మీ దగ్గర మిగిలిన ఆ 70,292లోంచి అడ్వాన్సుకు ఏమైనా సర్దగలరేమో చూడండి.

ఇట్లు,
మీ 27 భాజకాల్లో ఒకటి కాలేకపోయిన
ఫ్లాట్ నంబర్ 401