కథలో మనుషులు పడ్డారు!

చిన్న తరగతుల తెలుగు నోటుపుస్తకాలను 22 ఏళ్లుగా దిద్దుతున్నాను. ఎన్ని ఎర్ర కలాలు అరగదీశానో లెక్కలేదు. ఆ హోదాలో ఒక ముప్పును లోకం దృష్టికి తేక తప్పడం లేదు. పిల్లలకు కథలు రాయడం నేర్పుతామని ఈమధ్య కొందరు బయల్దేరారు. అంతవరకూ ఓర్చుకోవచ్చు. కానీ పాత్రలను మలచడం కూడా నేర్పుతారట! పాత్రకు ఒక కోరిక ఉండాలట, ఒక భయం ఉండాలట, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తుందో రాసే పిల్లకు తెలిసి ఉండాలట. మంచివాడు అని చెప్పి ఊరుకోకుండా, ఏం చేశాడో చూపించాలట. ఎనిమిదేళ్లకే మనుషులను ఇలా గమనించడం అలవాటైతే, రేపు ఆ చూపు మన మీద పడదని ఎవరు పూచీ?

ఇంతకీ మన పద్ధతికి ఏం లోటు వచ్చింది? అనగనగా ఒక ఊళ్లో రాము, సోము అని ఇద్దరు బాలురు. రాము మంచివాడు, సోము చెడ్డవాడు. అక్కడితో పాత్రచిత్రణ సమాప్తం. ఆ తరువాత సోము మామిడిచెట్టు మీంచి పడతాడు, కాలు విరుగుతుంది, బుద్ధి వస్తుంది. కాలు విరగడానికీ బుద్ధి రావడానికీ ఏ నరం కలుపుతుందో ఇన్నేళ్లలో ఒక్క ఎముకల డాక్టరూ నన్ను అడగలేదు. రాముకు వంకాయ కూర సహించదా, చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే వణుకుతాడా, ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు పక్కవాడి పెదవుల వంక చూస్తాడా, ఇవేవీ మనకు అక్కర్లేదు. 5కు 5.

అయితే ఈ జాడ్యం కొత్తదేమీ కాదు. మొదటి తప్పు మన అమ్మమ్మలది. ఏడు చేపల కథనే తీసుకోండి. ఎండని చేప దగ్గర మొదలైన విచారణ గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పసివాడి మీదుగా సాగుతుంది. ప్రతివారూ నేరాన్ని పక్కవారి మీదికి తోసేవారే. (అచ్చం ఆఫీసు ఫైలు నడక.) చివరికి చీమ ఒక్కటే “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అని ఎదురు ప్రశ్న వేస్తుంది. రవ్వంత ప్రాణి! దానికి ఆస్తి ఉంది, ఆస్తి మీద మమకారం ఉంది, ముక్కు మీద కోపం ఉంది, పైగా చేసిన పనిని ఒప్పుకునే తెగువ ఉంది. గోరుముద్దలు పెడుతూ ఇలాంటి చీమలను పరిచయం చేస్తే పిల్లలు మరి పాడైపోరూ?

అమ్మమ్మలకు చదువు లేదనుకుందాం. పరవస్తు చిన్నయసూరి గారికి ఏమైంది? 1853 నాటి నీతిచంద్రికలో పింగళకుడనే సింహం నీళ్లు తాగబోయి, ఎద్దు రంకెకు బెదిరి, ఆ బెదురు బయటపడకుండా దాచుకోవాలని చూస్తుంది. దమనకుడనే నక్క ఇట్టే పసిగడుతుంది. కరటకుడనే ఇంకో నక్క మనకెందుకీ గొడవ అంటుంది. రెండూ నక్కలే, రెండు బుద్ధులు! మా ప్రశ్నపత్రంలో నక్క ఎప్పుడూ జిత్తులమారి, సింహం ఎప్పుడూ మృగరాజు. దిద్దేవాడికి ఎంత సుఖం!

పెద్ద తరగతుల్లో మాత్రం కాస్త క్రమశిక్షణ మిగిలి ఉంది. రామాయణం చదివించి పాత్రల స్వభావం రాయమంటారు. నువ్వు చేసింది తప్పని అన్నకు ముఖానే చెప్పి, ఆ అన్న కోసమే ప్రాణం ఇవ్వడానికి యుద్ధానికి వెళ్లిన కుంభకర్ణుడు, గైడు చేతిలో పడ్డాక హాయిగా నిద్రపోతాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న మూడో తరగతిలో ‘మంచి తాతయ్య’ అనే కథ రాయమన్నాను. ఒక పిల్ల ఇలా రాసింది: “తాతయ్యకు షుగరు. తీపి తినకూడదు. అరిసెలు దిండు గలేబులో దాచుకుంటాడు. నానమ్మ అడిగితే చీమలు తిన్నాయి అంటాడు. అలా చెప్పేటప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు.”

ముందు అక్షరదోషాలు వెతికాను. దొరకలేదు. పెద్దలను ‘దాచుకుంటాడు’ అనకూడదు, ‘దాచుకుంటారు’ అనాలి అని మూడుచోట్ల దిద్దాను. అబద్ధానికి మర్యాద కుదిరింది గానీ అబద్ధం అలాగే ఉంది. ఆ కళ్లజోడు వాక్యం మరీ ఇబ్బంది పెట్టింది. దాన్ని ఎక్కడ సున్నా చుట్టాలో తోచలేదు. చివరికి మొత్తం కొట్టేసి, పక్కన నేనే రాసి ఇచ్చాను: ‘తాతయ్య మంచివారు. అందరికీ సహాయం చేస్తారు. అందరూ తాతయ్యను మెచ్చుకుంటారు.’

పిల్ల మారుమాట లేకుండా ఎత్తి రాసుకుని తెచ్చింది. 5కు 5 వేశాను. పుస్తకం మూసి ఇవ్వబోతే అందుకోలేదు.

“మరి అరిసెలు ఎవరు తిన్నట్టు, మాస్టారూ?” అంది.

నేను కళ్లజోడు తీసి తుడుచుకుని, చీమలు అని చెప్పాను.