ఘాట్ రోడ్డు భయస్తులకి మలుపుల లెక్క కాదు, లోయ ఏ పక్కనుందో చెప్పండి

ఎవరైనా "లోయలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఊటీకి ఏ దారి మంచిది?" అని అడగడమే ఆలస్యం, ఒకరు "ఏం కాదు, కళ్ళు మూసుకో" అంటారు, ఇంకొకరు హెయిర్‌పిన్ బెండ్లు లెక్కపెట్టి చెప్తారు. రెండూ పనికిరావు. హెయిర్‌పిన్‌లో బండి నత్తనడక నడుస్తుంది, ధ్యాసంతా మలుపు మీదే ఉంటుంది. గుండె జారేది ఆ తర్వాత, కొండ పక్కనే సాగే రోడ్డులో ఎడమ కిటికీ కింద నేల కనబడనప్పుడు.

మనం ఎడమవైపు నడుపుతాం. కొండ ఎడమన ఉంటే లోయకీ మనకీ మధ్య ఎదురొచ్చే లేన్ మొత్తం ఉంటుంది. లోయ ఎడమన ఉంటే మధ్యలో పిట్టగోడ ఒక్కటే, అదీ కట్టి ఉంటే. వెళ్ళేటప్పుడు హాయిగా ఉన్న రోడ్డే తిరుగు ప్రయాణంలో వణికించేది అందుకే. కాబట్టి చుట్టు తిరిగొచ్చే ట్రిప్ అయితే ఏ వైపు నుంచి మొదలెడితే కొండ ఎక్కువసేపు ఎడమన ఉంటుందో చూసుకోండి. ఒకే వాలు మీద మెలికలు తిరుగుతూ ఎక్కే రోడ్డుకి మాత్రం ఈ లెక్క కుదరదు, ప్రతి హెయిర్‌పిన్‌కీ పక్క మారిపోతుంది.

ఇది ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో టెర్రెయిన్ పెట్టి దగ్గరికి జూమ్ చేస్తే ఎత్తు గీతలు కనిపిస్తాయి. వాటి మీది ఎత్తు అంకెలు తగ్గుతున్న వైపు లోయ. గీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే నిట్టనిలువు. తర్వాత స్ట్రీట్ వ్యూలో అంచు చూడండి: ఇనుప రెయిలింగ్ ఉందా, విడివిడి రాళ్ళేనా, చెట్లున్నాయా. అంచున చెట్లు దట్టంగా ఉంటే కింద ఎంత లోతున్నా కంటికి ఆనదు.

మైసూరు వైపు నుంచి ఊటీకైతే మసినగుడి, కల్లట్టి మీదుగా దగ్గరి దారి, కానీ 36 హెయిర్‌పిన్లు, బాగా నిటారు. గూడలూరు మీదుగా దాదాపు 30 కి.మీ. ఎక్కువైనా రోడ్డు వెడల్పు, వాలు తక్కువ. భయస్తులకి ఇదే. కల్లట్టిలో బయటి బండ్లని కిందికి దిగనివ్వరు, ఊరికే పెట్టిన రూలు కాదది. దిగుడులో బ్రేక్ తొక్కిపట్టి ఉంచితే వేడికి బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. ఏ గేర్‌లో ఎక్కాల్సిన వాలో అదే గేర్‌లో దిగాలి. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేర్) లేదా మాన్యువల్ మోడ్. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్ళు పోయకండి.

తొలిసారి వెళ్ళేవాళ్ళకి తిరుమల నయం. ఎక్కే దారి, దిగే దారి వేరు, ఎదురు బండి ఉండదు. పక్కకి తప్పుకోవాల్సి వచ్చి అంచుకి జరిగే పనే లేదు.

భయపడేవాళ్ళని ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టడం మన వాళ్ళకి మర్యాద. వద్దు బాబూ, డ్రైవర్ వెనక సీటు ఇవ్వండి. రాత్రి వెళ్తే లోయ కనబడదనే తెలివి కూడా వద్దు, ఎదురు హెడ్‌లైట్లకి అంచే కనబడదు. పైగా మైసూరు నుంచి ఊటీకి వెళ్ళే దారిలోని బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు.

ఇక "కారెందుకు, ఊటీ టాయ్ ట్రైన్ ఎక్కించెయ్యి" అనేవాళ్ళకి ఒక్క మాట: ఆ 46 కి.మీ. లైన్లో 250 వంతెనలున్నాయి.