సర్వర్‌కు కరెంటు సరే, మనిషికి జీతం?

కడప ఎర్రముక్కపల్లిలో ఇవాళ సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉన్న చోట రెండు వందల ఏళ్ల కిందట ఒక తోట, అందులో ఒక బంగళా ఉండేవి. 1826లో బ్రౌన్ ఆ స్థలాన్ని కొన్నారు. ఊరూరా వెదికి తాటాకు ప్రతులు తెప్పించడం, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చదివించడం, పాఠాలు తేల్చి కాగితం మీద శుద్ధప్రతి రాయించడం అక్కడ నిత్యం జరిగే పని. ఆ పని చేసిన పండితులకూ లేఖకులకూ ఆయన సొంత డబ్బుతో జీతాలిచ్చారు. వ్యవహారాలు చూసుకునేందుకు అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఉండేవారు. జనం ఆ చోటును బ్రౌన్ కాలేజీ అని పిలుచుకున్నారు. 1829లో వేమన పద్యాలు అచ్చుకెక్కడం వెనుకా, 1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెనుకా ఇలా జీతానికి కూర్చున్న మనుషుల కళ్లూ చేతులూ ఉన్నాయి. వాళ్లు జీతం పుచ్చుకున్నారు గనుక అది భాషాసేవ కాదని ఇన్నేళ్లలో ఎవరూ అన్నట్లు మాకు తెలియదు.

తాటాకు మీది అక్షరాన్ని కాగితం మీదికి, అక్కడి నుంచి అచ్చులోకి దాటించడం ఆనాటి సాంకేతిక పని. అదే అక్షరాన్ని తెర మీదికి, నోటి మాటను యంత్రానికి పట్టుబడే రూపంలోకి దాటించే పనిలో నేడు చాలా భాగాన్ని లాభాపేక్ష లేని సాంకేతిక సంస్థలు మోస్తున్నాయి. వాటిలో పనిచేసే వారికి మన జిల్లాల్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: "జీతమేమైనా ఇస్తారా, ఊరికే చేస్తావా?" కొడుకు బెంగళూరులో ఫలానా కంపెనీలో ఉన్నాడని పెళ్లి మాటల్లో గట్టిగా చెప్పుకునే తండ్రి, అదే కొడుకు ఒక స్వచ్ఛంద సంస్థకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడంటే "ప్రస్తుతానికి అక్కడున్నాడు లెండి" అని మాట దాటేస్తాడు. ఆ తండ్రిని తప్పుపట్టలేం. ఆ ఉద్యోగాన్ని నిజంగానే ప్రస్తుతానికి అన్నట్లు నడిపిస్తున్నది దాతలు, ప్రభుత్వాలు, కొన్నిచోట్ల ఆ సంస్థలే.

ఈ మధ్య మా విలేకరి ఒకరు చూసి వచ్చిన చోటు గురించి ఇక్కడ చెప్పాలి. ఇంటి మేడ మీద రెండు గదులు, ఒక ఇన్వర్టరు, ఐదుగురు మనుషులు. రైతులు ఫోనులో చెప్పిన మాటలను విని రాసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు నేర్పడం వారి పని. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక యువతి ముందున్న తెర మీద "బిడ్డలు ఎండిపోతాండాయి" అని ఉంది. రైతు అన్నది బుడ్డలు. వేరుశనగను ఈ సీమలో ఏమంటారో ఎరగని యంత్రం తనకు తెలిసిన మాటే రాసుకుంది. ఆమె గుడి తీసి కొమ్ము పెట్టి, వాక్యాన్ని మరోసారి విని, తర్వాతి దానికి వెళ్లింది. అందులో "మొన్న పదునైంది" అని ఉంది. విత్తనం వేయడానికి సరిపడా వాన కురిసిందని దానికి అర్థం. యంత్రం అక్షరాలు తప్పు పోకుండానే రాసింది గానీ, ఇంగ్లిషు చేసేసరికి ఎక్కడో కత్తి నూరినట్లు చెప్పింది. ఇలాంటివి రోజంతా వస్తూనే ఉంటాయి. వీటిని పట్టుకోవడానికి కంప్యూటర్ చదువు ఒక్కటే చాలదు, మెట్టసేద్యం మీద బతికిన ఇంట్లో పెరిగి ఉండాలి. అలాంటి మనిషి దొరకడమే అరుదు. దొరికిన ఈమెకు ఉన్నది 11 నెలల కాంట్రాక్టు. ఆ తర్వాత ఎవరు దిద్దుతారని మా విలేకరి అడిగితే, "ఇంకో ప్రాజెక్టు వస్తే మేమే సార్" అని మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఇలాంటి సంస్థల పని మన రోజువారీ బతుకులో ఎంతగా కలిసిపోయిందంటే, అది ఎవరో చేస్తున్న పనిగా కూడా కనిపించదు. కంప్యూటర్లలో ప్రతి తెలుగు అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించి, ఏ దేశపు ఫోనులోనైనా అది అదే అక్షరంగా కనిపించేలా చూస్తున్న యూనికోడ్ కన్సార్షియం 1991లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవారు స్వచ్ఛంద కార్యకర్తలే అయినా, అది తెల్లవారుజామున మూడు గంటలకు కూడా తెరుచుకుంటున్నదంటే దాన్ని నడిపే వికీమీడియా ఫౌండేషన్‌లో జీతానికి సర్వర్లు కాచే ఇంజినీర్లు ఉన్నందువల్లనే. కళాశాలల, చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు భద్రమైనవేనని బ్రౌజరుకు తెలిపే ధ్రువపత్రాన్ని 2015 నుంచి ఉచితంగా ఇస్తున్న లెట్స్ ఎన్‌క్రిప్ట్ వెనుక ఉన్నదీ కొద్దిమంది సిబ్బందితో నడిచే లాభాపేక్ష లేని సంస్థే.

మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మా విలేకరులు వార్తలను యూనికోడ్‌లో పంపుతారు. పేజీలు పెట్టేది మాత్రం ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలోనే. మధ్యలో ఒక మార్పిడి సాఫ్ట్‌వేర్ ఉంది. అది రోజూ కొన్ని వందల వార్తలను ఒక లిపి పద్ధతి నుంచి మరోదానికి దాటిస్తుంది, అప్పుడప్పుడు "లక్ష్మి"లో వత్తులు చెదరగొట్టి ప్రూఫ్ రీడర్‌తో తిట్లు తింటుంది. దాన్ని తయారుచేసి అందరికీ ఊరికే ఇచ్చింది ఎవరో మా డెస్కులో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇతరుల జీతాల గురించి సంపాదకీయం రాసేవారికి ఇది తలెత్తుకునే సంగతేమీ కాదు.

మనిషికి జీతం లేకపోతే ఏమవుతుందో ప్రపంచం రెండుసార్లు స్పష్టంగా చూసింది. ఇంటర్నెట్ లావాదేవీల భద్రతకు ఆధారమైన ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడే నాటికి, దాని మీద పూర్తికాలం పనిచేస్తున్న వ్యక్తి ఒక్కరే. దాని సంస్థకు విరాళంగా అందుతున్నది ఏడాదికి దాదాపు 2,000 డాలర్లు. రెండోది ఇంకా దిగులు పుట్టించేది. సర్వర్లను నడిపే లినక్స్ వ్యవస్థ ఉన్న దాదాపు ప్రతి యంత్రంలోనూ ఉండే ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ఒకే మనిషి తన తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చారు. పని నెమ్మదిగా సాగుతోందని 2022లో కొందరు ముఖం తెలియని వారు ఆయన మీద ఒత్తిడి తెస్తే, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. సాయం చేస్తానంటూ వచ్చిన మరో అజ్ఞాత వ్యక్తి రెండేళ్ల పాటు ఓపికగా నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఒక ఇంజినీరు తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీయబట్టి గుట్టు బయటపడింది, లేదంటే ఎన్ని ఆస్పత్రుల, ఎన్ని బ్యాంకుల సర్వర్లు ఆ దారిన తెరుచుకునేవో ఊహించుకోవచ్చు. అలసిపోయిన ఆ మనిషికి తోడుగా జీతానికి ఇంకొకరు ఉండి ఉంటే, సాయం చేస్తానని వచ్చిన వాడెవడో కనుక్కునే తీరికైనా దొరికేది.

మన సీమలోనే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. 2000ల దశకంలో ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం సహా ఏడు కరవు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. ఆళ్లగడ్డకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండగా అనేక స్వచ్ఛంద సంస్థలు అందులో పనిచేశాయి. మొదట నెదర్లాండ్స్ ప్రభుత్వం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచాయి. వాన ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో, పరిశీలన బోరులో నీరు ఎంత లోతున ఉందో రైతులే కొలిచి ఊరి గోడ మీద రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పంట ఎన్ని ఎకరాలు పెట్టవచ్చో లెక్క కట్టారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా పూర్తిగా నమ్మలేని అనంతపురం లాంటి జిల్లాలో ఆ గోడ రాతకు ఉన్న విలువ చెప్పనక్కర్లేదు. ఆ కొలతలు రైతులకు నేర్పిందీ, ఊరూరా మోటారు సైకిల్ మీద తిరిగి అంకెలు సరిచూసిందీ, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించిందీ స్వచ్ఛంద సంస్థల సిబ్బంది. ప్రాజెక్టుకు గడువు ఉంది గనుక ఆ కొలువులకూ గడువు ఉంది. బోరులో నీరు మాత్రం ప్రాజెక్టు గడువు చూసుకుని దిగదు.

డబ్బు లేదని కాదు, అది వచ్చే దారి అలా ఉంది. కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. మన ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉంది, ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సౌర పార్కు ఉంది. ఇలాంటి నిధుల్లో ట్యాబ్‌లు పంచడానికీ, కంప్యూటర్ గదికి రిబ్బను కత్తిరించడానికీ దొరికినంత సులువుగా, ఆ ట్యాబ్‌లో పాఠం తెరుచుకోనప్పుడు వచ్చి చూసే మనిషి జీతానికి దొరకదు. జీతాల పద్దును ఫొటో తీసి వార్షిక నివేదికలో వేసుకోలేరు మరి.

విదేశీ విరాళాలది ఇంకో చిక్కు. 2020లో చట్టాన్ని సవరించి, అలా వచ్చిన డబ్బులో పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఒక సంస్థ మరో సంస్థకు ఆ డబ్బు బదిలీ చేయడాన్ని నిషేధించారు. విరాళాలు దారి మళ్లకూడదన్న ఉద్దేశాన్ని మేం కాదనం. కానీ ఆస్పత్రిలో వైద్యుడి జీతం, బడిలో ఉపాధ్యాయుడి జీతం పరిపాలనా ఖర్చు కిందికి రావని నిబంధనలే ఉదాహరణగా చెబుతున్నాయి. సర్వర్ కాచే మనిషికి, "బిడ్డలు"ను "బుడ్డలు"గా దిద్దే మనిషికి ఆ ఉదాహరణల్లో చోటు లేదు. వారిని కార్యక్రమం కింద రాయాలా, ఆఫీసు ఖర్చు కింద రాయాలా అన్నది ఆడిటరు ధైర్యం మీద ఆధారపడకూడదు. స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడినప్పుడు 2025లో అనంతపురం జిల్లా జనం రోడ్ల మీదికి వచ్చారు. ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆస్పత్రి ఏమిటో వారికి ఒంటికి తెలుసు. ఒక సాఫ్ట్‌వేర్ బృందం చెదిరిపోతే ఊరేగింపు తీసేవారు ఎవరూ ఉండరు. అందుకే వారి మాట చట్టంలో తేటగా ఉండాలి.

సంస్థల వైపు తప్పులు లేవనుకుంటే పొరపాటు. సేవ అనే మాటను అడ్డుపెట్టి ఆదివారాలు కూడా పని చేయించే చోట్లున్నాయి. 20 మందికి తక్కువుంటే భవిష్యనిధి చట్టం తప్పనిసరి కాదు గనుక ఆ ఊసే ఎత్తనివి ఉన్నాయి. వ్యవస్థాపకుడు సదస్సుల కోసం విమానాల్లో తిరుగుతుంటే మండలాల్లో తిరిగే కుర్రాడి పెట్రోలు బిల్లు మూడు నెలలు పెండింగులో ఉండే సంస్థలూ ఉన్నాయి. దాత అడిగినప్పుడు జీతాల ఖర్చును సిగ్గుపడుతూ చిన్నదిగా చూపించే అలవాటు వీటన్నిటికీ మూలం. సందేశాల యాప్ నడిపే సిగ్నల్ సంస్థ 2023 నవంబరులో తన ఖర్చులు బయటపెట్టినప్పుడు, సర్వర్ల వంటి వాటికి ఏడాదికి సుమారు 1.4 కోట్ల డాలర్లు, సుమారు 50 మంది సిబ్బందికి సుమారు 1.9 కోట్ల డాలర్లు అవుతున్నాయని దాచకుండా రాసింది; మనుషులే పెద్ద ఖర్చు అని, వారికి బయటి మార్కెట్‌కు దగ్గరగా ఇస్తామని చెప్పింది. మన దగ్గరి సంస్థ ఆ స్థాయి జీతాలు ఇవ్వలేకపోవచ్చు. ఆ లెక్క అలా రాయడానికి మాత్రం డాలర్లు అక్కర్లేదు.

చేయదగినవి మన చేతిలోనే కొన్ని ఉన్నాయి. సామాజిక బాధ్యత నిధులిచ్చే కంపెనీలు పరికరాల కోసం ఎంత ఇస్తే, వాటిని కనీసం మూడేళ్లు చూసుకునే మనుషుల జీతాలకూ అదే ఒప్పందంలో అంత కేటాయించాలి. స్వచ్ఛంద సంస్థ తయారుచేసిన యాప్‌ను ప్రభుత్వ శాఖ తీసుకుని వాడుకునేటప్పుడు, ఆవిష్కరణ సభలో శాలువాతో సరిపెట్టకుండా నిర్వహణ ఒప్పందం రాసుకోవాలి. అనంతపురం జేఎన్‌టీయూ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ తమ ప్రాంగణ నియామకాలకు కంపెనీలతో పాటు ఇలాంటి సంస్థలనూ పిలవాలి. జీతం తక్కువైనా ఆ నియామకాన్ని నియామకంగానే లెక్కవేయాలి. తెలుగు మాట్లాడే యంత్రం కావాలంటున్న రాష్ట్రానికి ఆ యంత్రానికి సీమ యాస నేర్పగల పట్టభద్రులు ఇక్కడి నుంచే రావాలి.

ఇక మా వంతు. వచ్చే ఏడాది ఖర్చుల పద్దులో, డెస్కు రోజూ వాడుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే వారి కోసం ఒక వరుస చేర్చాం. కాగితం, సిరా, కరెంటు, ఫోను బిల్లుల తర్వాత అది ఐదో వరుస. దాని ఎదురుగా ఎంత వేయాలన్నదాని మీద మా మేనేజరుకూ మాకూ ఇంకా వాదన నడుస్తూనే ఉంది.