గ్రహాంతర అపహరణ చిత్రాలు: తెర బయట తేలాల్సిన సాక్ష్యం

గ్రహాంతరవాసులు మనుషులను ఎత్తుకుపోతారన్న కథతో 2009లో యూనివర్సల్ సంస్థ విడుదల చేసిన ‘ది ఫోర్త్ కైండ్’ సినిమా కాస్త వింతగా మొదలవుతుంది. కథానాయిక మిల్లా యోవోవిచ్ తెర మీదికి వచ్చి తాను నటినని అసలు పేరుతోనే పరిచయం చేసుకుంటుంది. తాను పోషించబోతున్న అబిగైల్ టైలర్ అనే మనస్తత్వ నిపుణురాలు నిజంగా ఉన్న వ్యక్తేనని, సినిమాలో చూపే సంఘటనలకు భద్రపరిచిన ఫుటేజీ ఆధారంగా ఉందని చెబుతుంది. అక్కడి నుంచి తెర తరచూ రెండుగా చీలుతుంది. ఒక పక్క చక్కటి వెలుతురులో యోవోవిచ్ నటిస్తుంటే, మరో పక్క పాలిపోయిన ముఖంతో, గుంటలు పడిన కళ్లతో ఉన్న ఇంకొక స్త్రీ గరగరలాడే వీడియోలో అవే మాటలు చెబుతుంటుంది. నటిని నటి అని సినిమాయే ముందుగా ఒప్పుకుంది కాబట్టి, పక్కనున్న స్త్రీ నటి కాదనే నమ్మకం ప్రేక్షకుడికి అడగకుండానే కలుగుతుంది. అబద్ధాన్ని నిలబెట్టడానికి ఒక నిజాన్ని ఇంత తెలివిగా వాడుకున్న సందర్భాలు సినిమాల్లో అరుదు.

ఆ రెండో స్త్రీ కూడా నటే. ఆమె పేరు షార్లట్ మిల్‌చార్డ్, ఇంగ్లండుకు చెందిన నటి. అబిగైల్ టైలర్ పేరుతో మనస్తత్వ నిపుణురాలెవరైనా ఉన్నారా అని అలాస్కా విలేఖరులు ఆరా తీస్తే, రాష్ట్ర లైసెన్సు రికార్డుల్లో అలాంటి పేరే దొరకలేదు. కథ జరిగినట్లు చెప్పే నోమ్ పట్టణం అలాస్కాలో బేరింగ్ సముద్రపు ఒడ్డున, చెట్లు దాదాపు కనిపించని టండ్రా నేల మీద ఉంటుంది. సినిమాలో మాత్రం దట్టమైన అడవులు, వాటి మధ్య నిటారు కొండలు దర్శనమిస్తాయి. చిత్రీకరణ జరిగింది బల్గేరియాలోనూ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ కాబట్టి అది సహజమే. ఈ సంగతుల్లో ఏ ఒక్కటీ ఫుటేజీని ఎంత నిశితంగా చూసినా తెలిసేది కాదన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. లైసెన్సు జాబితా, నోమ్ ఫొటోలు, నటీనటుల వివరాలు, అన్నీ తెర బయటివే. ఒక దృశ్యం నిజమా కాదా అన్నది ఆ దృశ్యంలోనే తేలుతుందనుకోవడం ఈ తరహా చిత్రాలను చూసేవారు చేసే మొదటి పొరపాటు. అలా అనుకునేలా చేయడంలోనే ఆ చిత్రాల నేర్పు ఉంది.

సినిమా పూర్తిగా గాలిలో పుట్టలేదన్న మాట నిజమే. నోమ్‌లో దశాబ్దాలుగా మనుషులు కనిపించకుండా పోవడం, అనుమానాస్పదంగా చనిపోవడం జరిగింది. వారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి ఏదో పని మీద ఆ పట్టణానికి వచ్చిన అలాస్కా ఆదివాసులు. కుటుంబాల ఒత్తిడితో ఎఫ్‌బీఐ 2005లో ఆ కేసులను పరిశీలించి, అతిగా మద్యం తాగడం, ప్రాణాలు తీసే చలి వాటికి కారణాలని తేల్చింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు, కానీ ఇక్కడి నిప్పు పేదరికం, తాగుడు, మంచు, నిర్లక్ష్యం. సినిమా ఆ పొగను మాత్రమే తీసుకుని ఆకాశం వైపు చూపించింది. తమ వాళ్ల మృతదేహాలు సైతం దొరకని కుటుంబాలకు ఇది ఎలా తోచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ప్రచారం అంతకంటే దూరం వెళ్లింది. కథకు ఊతమివ్వడానికి అలాస్కా వార్తాపత్రికల పేరిట బూటకపు కథనాలు తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉంచారు. ఎవరైనా అనుమానం వచ్చి వెతికితే, ఆ వెతుకులాట కూడా నిర్మాణ సంస్థ అమర్చిన చోటికే తీసుకెళ్లే ఏర్పాటన్నమాట. పత్రికలు మండిపడటంతో 2009 నవంబరులో యూనివర్సల్ రాజీకి వచ్చి, ఆ కథనాలను తొలగించి, అలాస్కా ప్రెస్ క్లబ్‌కు 20,000 డాలర్లు, ఒక విద్యార్థి వేతన నిధికి మరో 2,500 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఒక హాలీవుడ్ స్టూడియోకు ఇది చిల్లర ఖర్చు. అయినా ఈ ఉదంతం నాకు సినిమా కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. తెర బయట వెతకమని ప్రేక్షకుడికి చెప్పడం తేలికే గానీ, ఆ బయటి ప్రపంచంలో కూడా సాక్ష్యాలు నాటగల స్తోమత ఉన్నవారితో వ్యవహారం పడితే, ఆ కథనం అసలు ఏ పత్రికలో ఏ రోజు అచ్చయిందో ఆ పత్రికనే అడిగి తెలుసుకునేంత ఓపిక కావాలి. నోమ్ విషయంలో గుట్టు బయటపడింది ఆ పత్రికలు ఇంకా బతికి ఉండి, తమ పేరు మీద జరిగిన మోసాన్ని గుర్తుపట్టగలిగాయి కాబట్టే.

చిత్రం నాణ్యత ఎంత తక్కువగా ఉంటే అంత నమ్మకం కలగడం ఈ తరహాకు పట్టుగొమ్మ. వణికే కెమెరా, మధ్యలో తెగిపోయే శబ్దం, మూలన తేదీ, సమయం, ఇవన్నీ ఇంట్లో తీసిన వీడియోల లక్షణాలు కాబట్టి, వాటిని చూడగానే ఇది కల్పితం అయి ఉండదని మనసు తీర్పు చెప్పేస్తుంది. 1989లో డీన్ అలియోటో అనే యువ దర్శకుడు 6,500 డాలర్లతో, పుట్టినరోజు వేడుక చేసుకుంటున్న ఒక కుటుంబం మీదికి గ్రహాంతరవాసులు వచ్చినట్లు, అంతా ఆ ఇంటివాళ్లే తీసుకున్న వీడియోలా చిత్రీకరించాడు. పంపిణీదారు గిడ్డంగి తగలబడి, సినిమా సరిగా బయటికే రాలేదు. కానీ పేర్లు లేని దొంగ కాపీలు చేతులు మారి, ఎగిరే పళ్లాల మీద ఆసక్తి ఉన్నవారి మధ్య అసలు టేపుగా చలామణీ అయ్యాయి. ఇక్కడ దర్శకుడు మోసం చేయాలనుకోలేదు. సినిమా మొదట్లోనూ చివర్లోనూ ఉండే పేర్ల పట్టిక ఊడిపోవడమే చాలింది. అదే కథను 1998 జనవరిలో అమెరికాలోని యూపీఎన్ టీవీ చానెల్ కోసం ఆయనే మళ్లీ తీసినప్పుడు, ప్రసారం చివర్లో నటీనటుల పేర్లు వేసినా, నిజమైన సంఘటనే చూశామని నమ్మినవారు మిగిలిపోయారు. పేర్లు వచ్చేదాకా కూర్చునేవారు ఎప్పుడూ తక్కువే.

అపహరణ కథ కాకపోయినా, ఈ విషయంలో మరిచిపోకూడని ఉదాహరణ 1995లో అమెరికాలో ఫాక్స్ చానెల్, ఆ తర్వాత అనేక దేశాల చానెళ్లు ప్రసారం చేసిన గ్రహాంతరవాసి శవపరీక్ష. 1947లో అమెరికాలోని రోస్వెల్ పట్టణం దగ్గర కూలిందంటున్న ఎగిరే పళ్లెంలో దొరికిన శరీరాన్ని సైనిక వైద్యులు కోస్తున్నట్లు ఉన్న ఆ నలుపు తెలుపు ఫిల్మును లండన్ వ్యాపారి రే శాంటిల్లీ బయటపెట్టాడు. కత్తి చర్మాన్ని చీలుస్తున్నంతసేపు చిత్రం ఓ మాదిరిగా కనిపిస్తుంది. లోపలి అవయవాన్ని చేతిలోకి తీసుకోగానే కెమెరా దగ్గరికి జరుగుతుంది, జరగడంతోనే చిత్రం మసకబారుతుంది. ఒకసారి కాదు, దగ్గరికి వెళ్లిన దాదాపు ప్రతిసారీ ఇదే తంతు. నిజంగా సైన్యం ఒక అపూర్వమైన శరీరాన్ని రికార్డు చేయించదలిస్తే, కనీసం ఫోకస్ చేయడం తెలిసినవాడిని పెట్టుకునేది కదా! ‘ది ఫోర్త్ కైండ్’లో కూడా, అసలు సంఘటన జరగబోయే క్షణానికి సరిగ్గా వీడియో గీతలు పడి చెదిరిపోతుంది. కెమెరా ఎప్పుడూ చెడిపోవచ్చు. చూడాల్సినది చూపాల్సిన క్షణంలోనే ప్రతిసారీ చెడిపోతే, ఆ చెడిపోవడం వెనుక ఒక అవసరం ఉందని అనుకోవాలి.

శవపరీక్ష ఫిల్ము నిజానిజాలు తేల్చడానికి ఒక సులువైన దారి మొదటి నుంచీ ఉంది. కొడాక్ సంస్థ తన ఫిల్ము అంచుల మీద తయారీ సంవత్సరాన్ని సూచించే చిన్న గుర్తులు ముద్రించేది. ఆ గుర్తులు ఇరవై ఏళ్లకోసారి పునరావృతమవుతాయి కాబట్టి 1927, 1947, 1967 సంవత్సరాలకు ఒకే గుర్తు వస్తుంది. అందుకే గుర్తు ఒక్కటే సరిపోదు, బొమ్మ ఉన్న ఫిల్ము ముక్కనే ప్రయోగశాలకు ఇవ్వాలి. పరీక్షకు ఇచ్చినవి మాత్రం శవం బొమ్మ లేని ముక్కలు. పదకొండేళ్ల తర్వాత, 2006లో, ఆ శరీరాన్ని తాను తయారుచేశానని శిల్పి జాన్ హంఫ్రీస్ చెప్పాడు. లోపల నింపింది గొర్రె మెదడు, కోడి పేగులు వగైరా. తమది ‘పునర్నిర్మాణం’ అని శాంటిల్లీ కూడా ఒప్పుకుంటూనే, పాడైపోయిన అసలు ఫిల్ములోని కొన్ని ఫ్రేములు అందులో కలిసే ఉన్నాయని పట్టుబట్టాడు. ఆ ఫ్రేములు ఏవో మాత్రం ఎవరూ ఇప్పటికీ వేరుచేసి చూపలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ తయారుచేసినవి. అసలు చిక్కు, రికార్డింగు నిజమైనదే అయినప్పుడు వస్తుంది. 1961 సెప్టెంబరులో కెనడా నుంచి న్యూహ్యాంప్‌షైర్ మీదుగా ఇంటికి వస్తున్న బెట్టీ, బార్నీ హిల్ దంపతులు ఆకాశంలో ఒక వెలుగు తమను వెంబడించిందని చెప్పారు. బోస్టన్ మానసిక వైద్యుడు బెంజమిన్ సైమన్ 1964లో వారిని విడివిడిగా హిప్నాసిస్‌లోకి పంపి ఆ సంభాషణలను టేపు చేశారు. అందులో బార్నీ పెట్టే కేకలు విన్నవారికి ఆ మనిషి నటిస్తున్నాడనే ఆలోచనే రాదు. ఆయన నటించడం లేదు కూడా. అయినా వారిని నెలల తరబడి పరీక్షించిన సైమనే వారు అపహరణకు గురయ్యారని నమ్మలేదు. సంఘటన జరిగిన కొద్ది రోజులకే బెట్టీకి వచ్చిన కలలు, ఆమె వాటిని చెప్పగా విన్న భర్త జ్ఞాపకంలోకి చేరి ఉంటాయని ఆయన అంచనా. టేపు అసలైనదే, భయం అసలైనదే. ఆ రెండూ కలిసినా పళ్లెం అసలైనదని రుజువు కాలేదు.

ఈ తేడా ప్రయోగశాలలో కూడా తేలింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మెక్‌నల్లీ బృందం, తమను గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారని నమ్మేవారికి వారి అనుభవాలనే చదివి వినిపించి, గుండె కొట్టుకునే వేగాన్ని, చెమటను కొలిచింది. 2004లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, యుద్ధం వంటి నిజమైన దారుణాలకు గురైనవారిలో కనిపించే స్థాయి స్పందనే వీరిలోనూ కనిపించింది. వీరిలో చాలామంది అనుభవాలకు మూలం నిద్రలో ఒళ్లు కట్టుబడిపోయే స్థితి అని పరిశోధకులు భావించారు. మెలకువ వచ్చినా కాలూ చేయీ కదలదు, గుండె మీద బరువు, గదిలో ఎవరో ఉన్నట్లు స్పష్టమైన భ్రమ. కాబట్టి ‘ఆమె ఏడుపు చూస్తే అబద్ధం అనిపించదు’ అనే వాదన, ఆ స్త్రీ నటి కాకపోయి ఉన్నా కూడా, మనం కోరుకున్న చోటికి మనల్ని చేర్చదు. పైగా ఈ చిత్రాలు తరచూ వాడుకునే హిప్నాసిస్ జ్ఞాపకాన్ని వెలికితీస్తుందన్న నమ్మకం కంటే, జ్ఞాపకాన్ని కల్పిస్తుందన్న అనుమానానికే ఇప్పుడు ఎక్కువ ఆధారం ఉంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే ఈ విషయంలో హెచ్చరించింది.

మరి ప్రభుత్వమే విడుదల చేసిన వీడియోల మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. గుర్తు తెలియని వస్తువులు ఆకాశంలో కనిపించే, నావికాదళ యుద్ధవిమానాల నుంచి తీసిన మూడు వీడియోలను అమెరికా రక్షణ శాఖ 2020 ఏప్రిల్‌లో అధికారికంగా విడుదల చేసింది. ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ఇవి నిస్సందేహంగా అసలైన వీడియోలు. వాటిలో ‘గోఫాస్ట్’ అనే దానిలో ఒక చిన్న తెల్లటి చుక్క సముద్రం మీదుగా బాణంలా దూసుకుపోతున్నట్లు కనిపిస్తుంది. ఆ తెర మూలల్లో విమానం ఎత్తు, వేగం, కెమెరా కోణం, వస్తువుకు గల దూరం అంకెల్లో ఉన్నాయి. నాసా నియమించిన నిపుణుల బృందం 2023లో ఆ అంకెలతోనే లెక్కగట్టి, ఆ వస్తువు నీటికి ఆనుకుని కాక సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఉందని, దాని వేగం గంటకు 40 మైళ్ల ప్రాంతంలోనే ఉందని తేల్చింది. వేగంగా వెళుతున్నది విమానం. దాని కదలిక వల్ల చుక్క పరుగెత్తుతున్నట్లు కంటికి తోచింది. రక్షణ శాఖలో ఇలాంటి ఘటనలను పరిశీలించే విభాగం కూడా గ్రహాంతర సాంకేతికతకు రుజువు దొరకలేదని 2024 మార్చి నివేదికలో చెప్పింది.

సినిమాలో మూలన మెరిసే తేదీ అలంకారం. గోఫాస్ట్‌లో మూలనున్న అంకె లెక్కకు పనికొచ్చేది, అది తీసినవారి నమ్మకానికి వ్యతిరేకంగా కూడా పనిచేయగలిగింది. అపహరణ ఫుటేజీ అంటూ ఎవరైనా ముందుకు వస్తే అడగాల్సింది కూడా అదే కోవలోనిది: కత్తిరింపులు లేని మొదటి టేపు, తీసిన కెమెరా, తీసిన మనిషి, ఆ టేపు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే చరిత్ర, వీటిని పంపిణీదారుకు కాక ముందుగా సంబంధం లేని ప్రయోగశాలకు అప్పగించడానికి ఒప్పుకోలు. ‘నమ్మాలో వద్దో మీరే నిర్ణయించుకోండి’ అని ప్రేక్షకుడికి వదిలేసిన సినిమాలు చాలానే వచ్చాయి గానీ, నిర్ణయించుకోవడానికి కావలసిన ఈ వస్తువులను ముందు పెట్టిన సినిమా ఇంతవరకు ఒక్కటీ రాలేదు.